లారీ పొగ తగ్గాలి సరే, ఖర్చు ఎవరి నెత్తిన?

గుమ్మలక్ష్మీపురం సంతకు దిగే సరుకు సగం దారి మనిషి మీదే వస్తుంది. జీడిపిక్కలు, చింతపండు, పసుపు, కొండచీపుర్లు గూడ నుంచి నెత్తి మీదో కావడి మీదో దిగి, ఆటో ఎక్కి, సంతలో తూకమయ్యాక లారీ ఎక్కుతాయి. ఆ సరుకు కోసం డీజిల్ కాలేదంతా దాదాపు ఆ తర్వాతే. కురుపాం మీదుగా పార్వతీపురానికో, అటు పలాసకో, విశాఖకో పోయే దారిలో కాలుతుంది. వాతావరణ మార్పు మీద దేశంలో జరుగుతున్న చర్చ ఇప్పుడు ఈ లారీ దగ్గరికి వచ్చింది.

నీతి ఆయోగ్ 2022 సెప్టెంబరులో విడుదల చేసిన నివేదిక ప్రకారం దేశంలోని మొత్తం వాహనాల్లో లారీలు 3 శాతమే. కానీ రోడ్డు రవాణా నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్‌లో మూడో వంతు, సూక్ష్మ ధూళికణాల్లో సగానికి పైగా వాటివే. 2022లో 40 లక్షలున్న లారీలు 2050 నాటికి కోటీ 70 లక్షలవుతాయని కూడా అదే నివేదిక అంచనా వేసింది. 2070 నాటికి నికర ఉద్గారాలను సున్నాకు తెస్తామని 2021 నవంబరులో గ్లాస్గోలో మన ప్రభుత్వం మాట ఇచ్చింది. లారీని ముట్టకుండా ఆ మాట నిలబెట్టుకోవడం కుదరదు.

పొగ తగ్గాలన్న విషయంలో మాకు రెండో మాట లేదు. డీజిల్ పొగ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012 జూన్‌లోనే తేల్చింది. ఆ పొగను మొదట పీల్చేది ఇంజిను పక్కన నిలబడి మూటలు ఎత్తే హమాలీ, బండి కింద పడుకునే క్లీనరు, రోడ్డు పక్క గుడిసెలో ఉండే మన వాడ. వాన అదను తప్పితే ముందు నష్టపోయేది కొండవాలు మీద వ్యవసాయం చేసే సవర, జాతాపు కుటుంబం. కాబట్టి పొగ తగ్గాలి. మా ప్రశ్న వేరు. తగ్గించడానికయ్యే ఖర్చును ఎవరి ఖాతాలో రాస్తున్నారు?

ఒకే బండి, రెండు వడ్డీలు

ఒక బండి లెక్క వేద్దాం. ఇవి ఏ కంపెనీ ధరలూ కావు. లెక్క ఎలా నడుస్తుందో చూపడానికి మేము అనుకున్న అంకెలు.

పది టన్నులు మోసే డీజిల్ లారీ లీటరుకు నాలుగున్నర కిలోమీటర్లు ఇస్తుందనుకుందాం. లీటరు 97 రూపాయలైతే కిలోమీటరుకు ఇరవై ఒకటిన్నర రూపాయలు. అదే లోడు మోసే కరెంటు లారీ కిలోమీటరుకు 0.9 యూనిట్లు తీసుకుంటే, ఛార్జింగ్ యూనిట్‌కు 12 రూపాయలు పడితే, ఖర్చు 11 రూపాయల లోపే. అంటే కిలోమీటరుకు దాదాపు పది రూపాయలు మిగులుతాయి. కరెంటు లారీ గురించి మాట్లాడే ప్రతి సభలోనూ ఈ పది రూపాయల మాట వినిపిస్తుంది.

ఇక కొనే ధర. ప్రభుత్వ రాయితీ పోను కరెంటు లారీకి డీజిల్ లారీ కంటే 30 లక్షలు ఎక్కువ పెట్టాల్సి వచ్చిందనుకుందాం. ఆ 30 లక్షలు అప్పు తెచ్చి ఏడేళ్లలో తీర్చాలి. 9 శాతం వడ్డీకి బ్యాంకు ఇస్తే ఏడాదికి కట్టాల్సింది సుమారు 6 లక్షలు. 16 శాతానికి ప్రైవేటు ఫైనాన్సు దగ్గర తెస్తే సుమారు 7 లక్షల 40 వేలు. కిలోమీటరుకు పది రూపాయల మిగులుతో ఈ కిస్తీలు తీరాలంటే మొదటి యజమాని బండి ఏడాదికి 60 వేల కిలోమీటర్లు తిరగాలి. రెండో యజమాని బండి 74 వేలు తిరగాలి. ఏడాదికి 300 రోజులు బండి నడిచినా, మొదటిది రోజుకు 200 కిలోమీటర్లు, రెండోది దాదాపు 250.

విశాఖ నుంచి విజయవాడకు జాతీయ రహదారి మీద రాత్రింబవళ్లు సిమెంటో స్టీలో మోసే పెద్ద కంపెనీకి ఇది కష్టం కాదు. దానికి ఏడాది పొడవునా లోడు ఒప్పందం ఉంటుంది, తాకట్టుకు ఆస్తి ఉంటుంది, బ్యాంకు తలుపు తెరిచే ఉంటుంది. మన్యం బండికి చింతపండు, జీడిపిక్కల కాలంలో నాలుగైదు నెలలు లోడు ఉంటుంది. వానలు పడ్డాక ఉండదు. అది ఏడాదికి 25 వేల కిలోమీటర్లు తిరిగిందనుకుంటే మిగిలేది రెండున్నర లక్షలు. 16 శాతం వడ్డీ కిస్తీకి ఇంకా 4 లక్షల 90 వేలు తక్కువ పడతాయి. 9 శాతం వడ్డీ అయినా మూడున్నర లక్షలు తక్కువ.

దేశంలో నాలుగింట మూడు వంతుల లారీలు ఐదు బండ్ల లోపు ఉన్న చిన్న యజమానులవేనని సాధారణంగా చెప్పే అంచనా. ఆ చిన్న యజమానుల్లోనూ దళితుడు, ఆదివాసీ అట్టడుగున ఉంటారు. 2013 ఆరో ఆర్థిక గణన ప్రకారం సొంత యాజమాన్యంలోని వ్యాపారాల్లో ఎస్సీలవి 11 శాతం చిల్లర, ఎస్టీలవి 5 శాతం చిల్లర మాత్రమే. 2011 జనాభా లెక్కల్లో వీరి వాటా 16.6 శాతం, 8.6 శాతం. షెడ్యూల్డ్ ప్రాంతంలోని గిరిజన భూమిని గిరిజనేతరులకు బదిలీ చేయకుండా 1/70 చట్టం కాపాడుతోంది. అది ఉండి తీరాల్సిన రక్షణ. ఆ భూమిని తాకట్టు కింద తీసుకోవడానికి బ్యాంకు వెనకాడితే, దానికి బదులుగా వేరే హామీ ఇవ్వాల్సింది ప్రభుత్వమే. అది జరగనంత కాలం 16 శాతం వడ్డీ మన్యం యజమాని నుదుటి రాతగా మిగులుతుంది.

రాయితీ బండిని చూస్తుంది, మనిషిని చూడదు

కేంద్రం 2024 సెప్టెంబరులో నోటిఫై చేసిన పీఎం ఈ-డ్రైవ్ పథకం మొత్తం 10,900 కోట్లు. అందులో కరెంటు లారీలకు 500 కోట్లు కేటాయించారు. 2025 జూలైలో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం దేశం మొత్తం మీద 5,600 లారీలకు సాయం అందుతుంది. ఒక్కో బండికి గరిష్ఠంగా 9 లక్షల 60 వేలు. బండి మొత్తం బరువును, బ్యాటరీ సామర్థ్యాన్ని, ధరను బట్టి రాయితీ లెక్క కడతారు. కొనేవాడికి ఎంత వడ్డీకి అప్పు పుడుతుందో ఆ లెక్కలోకి రాదు. ఈ పథకం కింద తొలి అడుగుగా ప్రభుత్వరంగ ఉక్కు సంస్థ సెయిల్ రెండేళ్లలో 150 కరెంటు లారీలు తీసుకుంటామని ప్రకటించింది. ఉక్కు, సిమెంటు, రేవులు. పథకం ఎవరిని దృష్టిలో పెట్టుకుందో ఇక్కడే తెలుస్తుంది.

ఈ రాయితీ కావాలంటే పాత డీజిల్ లారీని తుక్కు కింద అప్పగించినట్టు పత్రం చూపాలి. పొగ తగ్గాలంటే పాత బండి రోడ్డు మీద నుంచి పోవాల్సిందే కదా అనిపిస్తుంది. కానీ పాత బండి ఎవరి దగ్గర ఉంటుందో ఆలోచించాలి. లారీ ముందు పెద్ద కంపెనీ దగ్గర కొత్తగా నడుస్తుంది. ఐదారేళ్లకు సెకండ్ హ్యాండులో చిన్న యజమానికి వస్తుంది. పదిహేనేళ్ల తర్వాత ఘాటీ రోడ్ల మీదికి, ఇటుక బట్టీలకు, ఇసుక తోలకానికి చేరుతుంది. అక్కడ దాని యజమాని చాలాసార్లు డ్రైవరు కూడా అతనే. తుక్కు పత్రం చేతులు మారడానికి నిబంధనల్లో వీలుంది. అంటే చిన్న యజమాని బండి తుక్కవుతుంది, పత్రం చేతులు మారి పెద్ద కంపెనీ కొత్త లారీకి రాయితీ తెస్తుంది. పాత యజమానికి తుక్కు ధర, పత్రం మీద నాలుగు డబ్బులు దక్కుతాయి. బతుకుతెరువు మాత్రం చేతులు దాటిపోతుంది.

మరోవైపు నుంచి పాత బండి మీద భారం పెరుగుతోంది. 2025 నవంబరులో కేంద్ర రవాణా శాఖ పాత వాహనాల ఫిట్‌నెస్ పరీక్ష రుసుములు పెంచింది. ఇరవై ఏళ్లు దాటిన లారీలకు 2,500 రూపాయలున్న రుసుము 25,000 అయింది. దీనికి తోడు హరిత పన్ను ఉంది. ఒక చేత్తో కొత్త బండికి రాయితీ, మరో చేత్తో పాత బండికి జరిమానా. మొదటిది పైనున్నవాడికి అందుతుంది, రెండోది కిందున్నవాడికి తగులుతుంది. పాత బండి పొగ ఎక్కువ వదులుతుందన్నది నిజం. అయితే ఆ జరిమానా డబ్బు పాత యజమాని కొత్త బండికి మారడానికి తిరిగి రానంతవరకు అది పొగ మీద పన్నుగా కాక పేదరికం మీద పన్నుగానే పని చేస్తుంది.

కిలోకు నలభై పైసలు

మన్యం బండికి తక్కువ పడిన మొత్తాన్ని ఇప్పుడు ఇంకో వైపు నుంచి చూద్దాం. అధ్వాన్నపు లెక్కే తీసుకుందాం. 4 లక్షల 90 వేల లోటును 25 వేల కిలోమీటర్లకు పంచితే కిలోమీటరుకు 20 రూపాయల లోపు. వంద కిలోమీటర్ల దూరానికి వెళ్లి, ఖాళీగా తిరిగి వచ్చే బండికి ఒక ట్రిప్పు మీద పడే అదనపు భారం దాదాపు 4 వేలు. పది టన్నుల జీడిపిక్కల మీద పంచితే కిలోకు 40 పైసల లోపే.

మా వాదన అంతా ఈ అంకెలోనే ఉంది. ఒక యజమాని నెత్తిన వేస్తే 4 లక్షల 90 వేలు అతణ్ని ముంచుతాయి. అదే మొత్తాన్ని సరుకు మీద పంచితే కిలోకు 40 పైసలు. నాలుగు కిలోల పైచిలుకు పిక్కలు కొడితే కిలో పప్పు వస్తుంది కాబట్టి, నగరంలో కిలో జీడిపప్పు కొనేవాడి మీద రెండు రూపాయలు కూడా పడదు. పొగ తగ్గించడం ఖరీదైన పని అనే మాట ఇక్కడ నిలవదు. ఖర్చు చిన్నదే. దాన్ని మోయలేనివాడి మీద పెట్టడం వల్ల పెద్దదిగా కనిపిస్తోంది.

మరి ఆ రెండు రూపాయలు నగరానికి వెళతాయా? బేరం ఎవరి చేతిలో ఉందన్న దాని మీద అది ఆధారపడుతుంది. జీడిపప్పు ధర పలాసలో, ముంబైలో తేలుతుంది. అక్కడి నుంచి వెనక్కి లెక్క కట్టి కిరాయి, హమాలీ ఖర్చు, తరుగు, తన లాభం తీసేసుకుని షావుకారు సంతలో ధర చెబుతాడు. కిరాయి 40 పైసలు పెరిగితే దాన్ని సాకుగా చూపి ధరలో రెండు రూపాయలు కోసే వీలు అతనికుంది. పిక్కలు నెత్తిన పెట్టుకుని కొండ దిగి వచ్చిన మనిషికి వాటిని తిరిగి మోసుకెళ్లే వీలు లేదు.

అటవీ సరుకు ధర, తూకం, అప్పు, వెట్టి మీద మొదలైన గిరిజన పోరాటానికి ఈ కొండలే సాక్ష్యం. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లు సభకు వెళుతున్న ఆదివాసీల మీద లేవిడి దగ్గర జరిగిన కాల్పుల్లో కోరన్న, మంగన్న నేలకొరిగారు. అరవై ఏళ్లు కావస్తున్నా తూకం దగ్గర బేరం పూర్తిగా మన చేతికి రాలేదు. కాబట్టి వాతావరణ ఖర్చు కూడా పాత దారిలోనే కిందికి జారుతుందని అనుమానించే హక్కు మనకుంది.

సరుకు కొండ దిగడమే కాదు, ఎక్కుతుంది కూడా. బియ్యం, ఉప్పు, నూనె, ఆశ్రమ పాఠశాలలకు సామాను, పీఎం జన్‌మన్ ఇళ్లకు సిమెంటు, ఇనుము. జీడిపప్పు లాంటి ఖరీదైన సరుకు కిరాయిని తట్టుకుంటుంది. సిమెంటు, ఇటుక లాంటి బరువైన చౌక సరుకు తట్టుకోదు. కిరాయి పెరిగితే కొండసవరల ఇల్లు సగంలో ఆగిపోతుంది.

ఆ కరెంటు ఎక్కడిది?

కరెంటు లారీ వల్ల పొగ నిజంగా ఎంత తగ్గుతుంది? లీటరు డీజిల్ కాలితే దాదాపు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. మనం తీసుకున్న లారీకి కిలోమీటరుకు 600 గ్రాములు. ముడిచమురు తీసి, శుద్ధి చేసి, బంకుకు చేర్చేదాకా అయ్యేది కలిపితే 700 గ్రాముల దాకా పోతుంది. మన దేశపు గ్రిడ్‌లో ఒక యూనిట్ కరెంటుకు సగటున 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ పడుతోంది, ఎందుకంటే ఎక్కువ కరెంటు ఇంకా బొగ్గుదే. 0.9 యూనిట్లకు 630 గ్రాములు. ఇవాళ్టి గ్రిడ్ మీద రెండు లారీలూ అటూ ఇటుగా సమానం. తేడా ఏమిటంటే, పొగ హమాలీ ముక్కు దగ్గర కాక థర్మల్ స్టేషన్ చిమ్నీ దగ్గర వస్తుంది. హమాలీకి అది మేలే. థర్మల్ స్టేషన్ పక్క ఊరికి కాదు. 2010 జూలైలో సోంపేటలో, 2011 ఫిబ్రవరిలో కాకరాపల్లిలో థర్మల్ ప్లాంట్లు వద్దన్న జనం మీద పోలీసు కాల్పులు జరిగింది మన పక్క జిల్లా శ్రీకాకుళంలోనే.

అందువల్ల కరెంటు లారీ వాతావరణానికి మేలు చేయాలంటే గ్రిడ్ శుభ్రపడాలి. సౌర, పవన విద్యుత్తు పెరిగినకొద్దీ దాన్ని రాత్రికి దాచుకోవడానికి పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టులు కావాలంటున్నారు. అవి కొండలు ఉన్నచోటే కట్టాలి. 2022లో రాష్ట్ర ప్రభుత్వం అదానీ గ్రీన్ ఎనర్జీకి ఆమోదించిన 3,700 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీలో కురుకుట్టి 1,200, కర్రివలస 1,000 మెగావాట్లు. రెండూ సాలూరు వైపు, ఇదే పార్వతీపురం మన్యం జిల్లాలో. పెదకోట 1,000 మెగావాట్లు అల్లూరి సీతారామరాజు జిల్లాలో. భూమి, నీరు, అడవి పోతాయని అక్కడి ఆదివాసీలు వ్యతిరేకిస్తున్నారు. 1996 పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో గ్రామసభను సంప్రదించకుండా భూసేకరణ చేయకూడదు. షెడ్యూల్డ్ ప్రాంతపు భూమిని ప్రైవేటు కంపెనీలకు గనుల లీజుకు ఇవ్వడం చెల్లదని 1997 జూలైలో సమత కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

జాతీయ రహదారి మీద లారీ పొగ లేకుండా నడవడానికి సాలూరు కొండ మునిగితే, ఆ కొండ ధర ఏ టన్ను కార్బన్ లెక్కలోనూ కనిపించదు. శుభ్రమైన కరెంటు మనకూ కావాలి. వైస్రాయి కౌన్సిల్లో కార్మిక సభ్యుడిగా ఉన్న 1942-46 కాలంలో డాక్టర్ అంబేడ్కర్ చవకైన విద్యుత్తును పరిశ్రమలకూ, పేదరికం నుంచి బయటపడడానికీ పునాదిగా చూశారు. విద్యుత్తు ఎవరి కోసం అన్నది ఆయన వదలని ప్రశ్న. మనమూ వదలకూడదు.

9,260 బండ్లు చెప్పిన పాఠం

ప్రభుత్వం తలచుకుంటే దళితుడు, ఆదివాసీ సరుకు బండికి యజమాని కాలేడా? అయ్యాడు. 2021 జనవరి 21న రాష్ట్రంలో ఇంటింటికీ రేషన్ కోసం 9,260 చిన్న సరుకు వాహనాలు ప్రారంభమయ్యాయి. వాటిలో ఎస్సీలకు 2,300, ఎస్టీలకు 700 కేటాయించారు. 60 శాతం సబ్సిడీ, 30 శాతం బ్యాంకు అప్పు, 10 శాతం లబ్ధిదారు వాటా. బండ్ల కోసం పెట్టిన మొత్తం సుమారు 539 కోట్లు. దేశం మొత్తానికి కరెంటు లారీల కోసం కేంద్రం కేటాయించిన 500 కోట్ల కంటే అది ఎక్కువ. ఒకేసారి వేల బండ్లు కొనడం, అందులో కులాలవారీగా వాటా పెట్టడం, అప్పుకు ప్రభుత్వమే దారి చూపడం సాధ్యమేనని ఆ పథకం రుజువు చేసింది.

2025 జూన్ 1 నుంచి కొత్త ప్రభుత్వం ఆ వ్యవస్థను ఆపేసి రేషన్‌ను తిరిగి దుకాణాలకు మార్చింది. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ ఆపరేటర్లకు బండ్లు ఉచితంగా ఇచ్చేస్తామంది. రేషన్ ఎలా పంచాలన్న దాని మీద ఎవరి అభిప్రాయం వారికుంటుంది. మా దృష్టి వేరేచోట ఉంది. బండి చేతికొచ్చింది, లోడు పోయింది. నెలనెలా ఖాయంగా దొరికే లోడు లేని బండి ఇంటిముందు నిలబడిన అప్పు లాంటిది. ఒక ప్రభుత్వం బండి ఇచ్చి లోడును చట్టబద్ధమైన ఒప్పందంగా ఇవ్వలేదు, మరో ప్రభుత్వం లోడు తీసేసి బండి వదిలేసింది. ఇద్దరికీ బండే ఆస్తిగా కనిపించింది. రవాణా వ్యాపారంలో అసలు ఆస్తి లోడు.

1918లో భారతదేశపు చిన్న కమతాల మీద రాసిన వ్యాసంలో అంబేడ్కర్ ఇలాంటి విషయమే వాదించారు. కమతం చిన్నదైనంత మాత్రాన గిట్టుబాటు కాకుండా పోదని, దాని మీద పెట్టే పెట్టుబడి, పనిముట్లు ఎంతన్నదే తేలుస్తుందని ఆయన చూపించారు. ఒక్క బండి యజమానికీ అదే వర్తిస్తుంది. అతని దగ్గర ఒక్క బండే ఉండడం లోపం కాదు. ఆ బండికి చవక వడ్డీ, ఖాయమైన లోడు, తిరుగు ప్రయాణానికి సరుకు లేకపోవడం లోపం.

ముందు ఖాళీ ట్రిప్పు మీద కోత

కరెంటు లారీ వచ్చేలోగా చేతిలో ఉన్న డీజిల్ లారీతోనే పొగ తగ్గించవచ్చు. మన దేశంలో లారీలు తిరిగే దూరంలో మూడో వంతు దాకా ఖాళీగానే పోతాయని అంచనాలున్నాయి. వంద కిలోమీటర్లు పది టన్నులతో వెళ్లి, ఖాళీగా వచ్చే బండికి సుమారు 39 లీటర్లు కాలుతుందనుకుందాం. టన్నుకు దాదాపు పదిన్నర కిలోల కార్బన్ డయాక్సైడ్. అదే బండి తిరిగి వచ్చేటప్పుడూ పది టన్నులు తెస్తే దాదాపు 44 లీటర్లతో ఇరవై టన్నులు కదులుతాయి. టన్నుకు 6 కిలోలు. కొత్త బండి లేదు, బ్యాటరీ లేదు, టన్నుకు పొగ నలభై శాతం పైగా తగ్గింది. డ్రైవరుకు కిరాయి రెండింతలు.

మన్యంలో ఇది ఎందుకు జరగడం లేదు? ఎక్కే సరుకుకూ దిగే సరుకుకూ వేర్వేరు కాంట్రాక్టర్లు ఉన్నచోట ఒకరి తిరుగు బండి ఇంకొకరికి పనికిరాదు. ఏజెన్సీలో రేషన్ డిపోలు నడిపేది గిరిజన సహకార సంస్థ. అటవీ ఉత్పత్తులు కొనేదీ అదే. 1956 నుంచి ఉన్న ఆ సంస్థ ఒక్కటే రెండు వైపులా సరుకును కలపగలదు. బియ్యంతో ఎక్కిన బండి చింతపండుతో దిగాలి.

రెండో దారి సరుకు బరువే తగ్గించడం. పది టన్నుల పిక్కల్లో పప్పు రెండున్నర టన్నుల లోపే. మిగిలిందంతా తొక్క. ఆ తొక్కను కూడా డీజిల్ తగలేసి వంద కిలోమీటర్లు మోస్తున్నాం. పిక్కలు గుమ్మలక్ష్మీపురం, కురుపాం ప్రాంతంలోనే కొడితే నాలుగు లారీల పని ఒక లారీతో అయిపోతుంది, కూలి ఇక్కడి ఆడవాళ్లకు దక్కుతుంది. అయితే జీడితొక్క నూనెకు చేతులు కాలతాయి, తొక్క కాల్చితే ఘాటైన పొగ వస్తుంది. చేతి తొడుగులు, గాలి ఆడే షెడ్డు, కనీస వేతనం లేకుండా పెట్టే యూనిట్ లారీ పొగను కార్మికురాలి ఊపిరితిత్తుల్లోకి మార్చడమే అవుతుంది.

మూడోది రైలు. పార్వతీపురం స్టేషన్ గుమ్మలక్ష్మీపురానికి దాదాపు నలభై కిలోమీటర్లు. విజయనగరం నుంచి రాయగడ మీదుగా రాయ్‌పూర్ వెళ్లే ఆ లైను మీద కరెంటు ఇంజిన్లు నడుస్తున్నాయి. అదే వైపు కొమరాడ, కూనేరు రోడ్డు మీద లారీలు గుంతల్లో పడి లేస్తూ డీజిల్ తాగుతున్నాయి. 1951లో దేశపు సరుకు రవాణాలో 80 శాతం పైన మోసిన రైల్వే వాటా ఇప్పుడు 27 శాతం దరిదాపుల్లో ఉంది. దాన్ని 2030 నాటికి 45 శాతం చేస్తామని జాతీయ రైలు ప్రణాళిక చెబుతోంది. పెద్ద గనుల సరుకు కోసం మాత్రమే కాకుండా, మన్యం సంఘాల చిన్న లోడ్లను కలిపి ఎక్కించే ఏర్పాటు పార్వతీపురంలో పెడితే ఆ 45 శాతంలో మనమూ ఉంటాం.

మనం అడగాల్సినవి

మొదటిది, రాయితీని కొనేవాడి వడ్డీకి ముడిపెట్టాలి. మా లెక్కలో వడ్డీ 16 నుంచి 9కి తగ్గితే ఏడాదికి దాదాపు లక్షన్నర మిగులుతుంది. ఏడేళ్లకు పది లక్షలు, అంటే పీఎం ఈ-డ్రైవ్ గరిష్ఠ రాయితీ కంటే ఎక్కువే. ఎస్సీ కార్పొరేషన్, ట్రైకార్ ద్వారా ప్రభుత్వం అప్పుకు హామీ ఉంటే ఇది చేయవచ్చు. 2013లో వచ్చి, 2023లో మరో పదేళ్లు పొడిగించిన ఉప ప్రణాళిక చట్టం నిధులకు ఇంతకంటే సూటి వాడకం ఏముంటుంది? సాధారణ పథకాల ఖర్చును ఆ ఖాతాలో చూపడం మానేస్తే డబ్బు ఉంది.

రెండోది, లోడు ఒప్పందం. 2022లో కేంద్ర ప్రభుత్వ సంస్థ సీఈఎస్ఎల్ ఐదు నగరాలకు 5,450 కరెంటు బస్సుల కోసం ఒకే టెండరు పిలిచి, కిలోమీటరుకు ఇంత అని చెల్లించే పద్ధతి పెట్టింది. అన్ని బస్సులను కలిపి అడగడం వల్ల ధర బాగా తగ్గింది. అయితే ఆ టెండర్లు వేయగలిగినవి పెద్ద కంపెనీలే. మన్యంలో రేషన్, ఆశ్రమ పాఠశాలలు, ఆసుపత్రి మందులు, అటవీ సరుకు కలిపి ఏడేళ్ల రవాణా ఒప్పందంగా చేసి, దాన్ని దళిత, ఆదివాసీ డ్రైవర్ల సహకార సంఘాలకు ఇవ్వాలి. కేంద్ర సంస్థల కొనుగోళ్లలో ఎస్సీ, ఎస్టీల చిన్న సంస్థలకు 4 శాతం ఇవ్వాలని 2012 నుంచి నిబంధన ఉంది. కాగితం మీది ఆ 4 శాతానికి ఒప్పందం రూపం రావాలి. బేరం సంఘం చేతిలో ఉంటే ఆ 40 పైసలు సంతలో కోతగా దిగకుండా కొనేవాడి బిల్లులో చేరతాయి. గోడౌన్ల మీద సౌర పలకలు వేసి అక్కడే చిన్న బండ్లకు ఛార్జింగ్ పెడితే సాలూరు కొండ మీద ఒత్తిడి ఆ మేరకు తగ్గుతుంది.

మూడోది, పాత బండి యజమానికి తుక్కు పత్రంతో పాటు కొత్త ఒప్పందంలో మొదటి హక్కు. హమాలీలకు, క్లీనర్లకు, సంతల్లో చిన్న బేరాలు చేసుకునే పైడి, రెల్లి కుటుంబాలకు ఆ సంఘాల్లో సభ్యత్వం. బండి ఉన్నవాడికే సంఘం అంటే మళ్లీ మూట మోసేవాడు బయటే మిగులుతాడు.

నాలుగోది, లెక్క బయటపెట్టడం. పీఎం ఈ-డ్రైవ్ కింద రాయితీ అందుకున్న బండ్లలో ఎస్సీ, ఎస్టీ యజమానులవి ఎన్ని? తుక్కు పత్రాలు ఎవరి బండ్లవి, వాడుకున్నది ఎవరు? రాష్ట్రం, కేంద్రం ఏటా ఈ సంఖ్యలు ప్రకటించాలి. మన సంఘాలు ఈ రెండు ప్రశ్నలను సమాచార హక్కు దరఖాస్తుగా ఇవాళే వేయవచ్చు. పది రూపాయల ఫీజు చాలు.